ముఖద్వార దశ

దరఖాస్తులో ఏ కాలమూ ఖాళీగా ఉండకూడదు. ఇది నా మతం. జిల్లా గృహనిర్మాణ కార్యాలయంలో ముప్పై రెండేళ్ళు ఈ మతాన్నే నిష్ఠగా ఆచరించి, సూపరింటెండెంటుగా రిటైరై, దండా శాలువా వేయించుకుని ఇంటికొచ్చాను. ఫైలు మీద అభ్యంతరం రాసి వెనక్కి పంపడాన్ని మా ఆఫీసుల్లో కొర్రీ వెయ్యడం అంటారు. జిల్లాలో కొర్రీలు వేసేవాళ్ళకి కొదవ లేదు గాని, లింగమూర్తి కొర్రీ దారే వేరు. అది పడిన ఫైలు మళ్ళీ లేచిన దాఖలా లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళకి నేను తలెత్తకుండా ఒకటే మాట చెప్పేవాణ్ణి, "రేపు రండి" అని. అందులో కోపం ఉండేది కాదు, అలవాటు ఉండేది.

అటువంటి నన్ను, రిటైరైన మూడో ఏట, రాహేలమ్మగారు పట్టుకున్నారు.

ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి. డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టినా వెళ్ళడానికి ఇల్లు లేక ఆసుపత్రి గేటు దగ్గరే చతికిలబడే రోగుల్ని చూసి చూసి, చివరికి రైలు గేటు పక్కన మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో చాపలు పరిచి, వాళ్ళందర్నీ అక్కడికి చేర్చారు. మొత్తం ముప్పై నాలుగు మంది. ఫ్యాక్టరీ యజమాని మంచివాడు, ఊరికే ఇచ్చాడు. పోయినేడు ఆయన పోయాడు. కొడుకులూ మంచివాళ్ళే గాని, ఆ స్థలం రేటు వాళ్ళకంటే మంచిది. జూన్ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు.

మునిసిపాలిటీవారు కనికరించి మార్కెట్ యార్డు వెనక ఇరవై సెంట్లు ఇచ్చారు. దాని మీద కట్టడానికి 'మధ్యంతర నివాస పథకం' అని సర్కారువారిదొకటి కొత్తగా వచ్చింది. మనిషికో చిన్న గది ఇస్తారు. రెండేళ్ళు అందులో ఉండి, ఏదో పని చూసుకుని, కాళ్ళూచేతులూ కూడదీసుకుని సొంతంగా అద్దె ఇంటికి వెళ్ళిపోవాలి. ఆ గదిలోకి మరొకరు వస్తారు. ఆలోచన చాలా బాగుంది. సర్కారు ఆలోచనలు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

"లింగమూర్తిగారండీ, మాకు ఇంజక్షన్లు చెయ్యడం వచ్చు గాని అర్జీలు పెట్టడం రాదు. మీరు ఆ కాయితం రాసి పెడితే ముప్పై నాలుగు ప్రాణాలు వానలో పడకుండా ఉంటాయండి," అన్నారు రాహేలమ్మగారు.

రిటైరైనవాణ్ణి ఎవరైనా "మీకు తెలిసిన పని" అంటే ఇట్టే పడిపోతాడు. పడిపోయాను.

ఐసు ఫ్యాక్టరీలో మొదట నాకు ఎదురైన మనిషి సన్యాసమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి మొగుడితో కలిసి కాలవ పనులకి వచ్చింది. మొగుడు పోయాక పదకొండేళ్ళు బస్టాండులో నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతూ అక్కడే బతికింది. పోయిన చలికాలం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆసుపత్రికి వస్తే రాహేలమ్మగారి కంటబడింది. నేను పేరు, వయసు రాసుకుంటుంటే ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నువ్వు రాసే కాయితం వల్ల గది వొస్తాదా బాబూ?"

"వస్తుంది."

"దానికి తలుపుంటాదా?"

"తలుపు లేని గది ఉంటుందా అమ్మా?"

"లోపల గెడ ఉంటాదా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"పదకొండేళ్ళయ్యింది బాబూ, రెండు కళ్ళూ మూసి నిద్దరోయి. బస్టాండ్ల ఒక కన్ను మూస్తే ఒక కన్ను తెరిసి ఉంచుకోవాల. సంచీ ఎవుడు లాగుతాడో, ఒంటి మీద ఎవుడు సెయ్యేస్తాడో తెల్దు. ఈ తల్లి మమ్మల్ని సల్లగా సూసుకుంటంది, కాదన్ను. కానీ ఇది హాలు గదా. లోపల్నుంచి గెడేసుకుని, ఎవులొచ్చి కొట్టినా తియ్యకుండా, ఒక్కపాలి తొంగోవాల. అదే నా కోరిక."

'అదనపు సౌకర్యముల అభ్యర్థన' అనే కాలమ్‌లో 'లోపలి గడియ' అని రాసుకున్నాను. అప్పటికి అది నాకు ఒక కాలమ్ నిండడం మాత్రమే.

దరఖాస్తులో పధ్నాలుగు కాలమ్‌లు. మొదటి ఆరూ మంచినీళ్ళలా నింపేశాను. ఏడో కాలమ్ ఇలా ఉంది: 'దరఖాస్తుదారు తన ఇంటి ముఖద్వారము ఎదుట, డోర్ నంబరు స్పష్టముగా కనిపించునట్లు నిలబడి తీయించుకొనిన ఫోటో.'

పైన పేరు మళ్ళీ చూశాను. నిరాశ్రయుల దరఖాస్తు అనే ఉంది.

పాత ఆఫీసుకి వెళ్ళాను. నా కుర్చీలో ఇప్పుడు తాతారావు కూర్చుంటున్నాడు. నా దగ్గర గుమస్తాగా చేరి, కొర్రీ వెయ్యడం నా దగ్గరే ఓనమాలతో సహా నేర్చుకున్నవాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, తన కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టి, టీకి కబురు పెట్టాడు.

"తాతారావూ, ఇల్లు లేనివాడు ఇంటి ముందు నిలబడి ఫోటో ఎలా దిగుతాడయ్యా?"

తాతారావు నాకేసి చూసి చిన్నగా నవ్వాడు. "పరీక్ష పెడుతున్నారా గురువుగారూ?"

"పరీక్ష ఏమిటి? ఈ పనికిమాలిన కాలమ్ ఎవడు పెట్టాడు?"

అతని నవ్వు ఆగిపోయింది. బీరువా తీసి, అడుగు అరలోంచి ఒక పాత ఫైలు తెచ్చి, దుమ్ము దులిపి, రెండు చేతులా పట్టుకుని నా ముందు పెట్టాడు. 'ఇంటి మరమ్మతుల పథకం, దరఖాస్తు నమూనా.' పధ్నాలుగు కాలమ్‌లు. ఏడోది అక్షరం పొల్లు పోకుండా అదే. కింద నా పొట్టి సంతకం.

మా ఆఫీసుల్లో కొత్త ఫారం ఎవరూ రాయరు. పాతదొకటి తీసి పైన పేరు మారుస్తారు. ఇంటి మరమ్మతుల ఫారమే పేరు మార్చుకుని ఇల్లు లేనివాళ్ళ ఫారమై కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ కిందటి శనివారం మధ్యాహ్నం నాకు బాగా గుర్తొచ్చింది. బయట కప్పు ఎగిరిపోయినవాళ్ళు, గోడలు కూలినవాళ్ళు బారులు తీరి ఉన్నారు. నాకేమో మా బావమరిది కూతురి పెళ్ళికి మూడింటి బస్సు అందుకోవాలి. అప్పటికప్పుడు ఏడో కాలమ్ కనిపెట్టి, చదివి వినిపించి, ఫోటోలు తీయించుకుని రేపు రండి అన్నాను. అయిదు నిమిషాల్లో వరండా ఖాళీ. ఆ వేళ బస్సులో నాకు కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

"మీరు పెట్టిన కామా కూడా కదపలేదండి. మీ కామాలు దిద్దడానికి మేమెంతవాళ్ళం?" అన్నాడు తాతారావు. అతని గొంతులో భక్తి తప్ప వెటకారం ఇసుమంత లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"అయితే ఆ కాలమ్ తీసెయ్యి."

"ఎలా తీస్తామండీ? కంప్యూటర్లోకి ఎక్కించేశారు. ఏడోది నిండితే గాని ఎనిమిదోది తెరుచుకోదు. అయినా మీరే చెప్పేవారు గదండీ, రూలు రాసినవాడి కంటే రూలు పెద్దదని."

నిజమే, చెప్పేవాణ్ణి. ఏటా ఆగస్టు పదిహేనుకి చెప్పేవాణ్ణి.

తాతారావు లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. "తాతకు దగ్గులు నేర్పడం కాదు గాని గురువుగారూ, మీరు నేర్పిన విద్యే మీకు అప్పజెబుతున్నాను. రూలు ఏమడిగింది? ముఖద్వారం అడిగింది. డోర్ నంబరు అడిగింది. వాటి వెనక ఇల్లుండాలని ఎక్కడైనా ఉందాండీ?"

మూడుసార్లు చదివాను. లేదు. నా శిష్యుడు నన్ను మించిపోయాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ క్షణాన నా గుండె గర్వంతో పొంగింది.

ఈ ఉపాయం విని రాహేలమ్మగారు నాకేసి కాసేపు జ్వరం చూస్తున్నట్టు చూశారు. "మానసిక వార్డులో కూడా ఆరేళ్ళు చేశానండీ నేను. అక్కడ కూడా ఇలాంటి మాట వినలేదు," అన్నారు. కానీ గడువు ఇంకా నలభై రోజులే ఉంది. పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే కొట్టుకి వెళ్ళి, గడపతో ద్వారబంధంతో సహా ఒక టేకు తలుపు తెచ్చాం. నీలం రంగు వేయించి, పైన నంబరు రాయించాం. అందరూ తలుపు బయటి వైపు చూసి బాగుందన్నారు. సన్యాసమ్మ ఒక్కతే వెనక్కి వెళ్ళి ఇత్తడి గడియని వేసి, తీసి, మళ్ళీ వేసింది.

"గట్టిగా పడతాంది," అంది తృప్తిగా.

ఫోటో ఎక్కడ పడితే అక్కడ తియ్యకూడదట. దరఖాస్తుదారు ఐసు ఫ్యాక్టరీకి రాకముందు ఏ చోట నిరాశ్రయంగా ఉండేవాడో ఆ చోటే తియ్యాలి, ఫోను ఆ చోటుని పట్టేస్తుంది. అందుకని తలుపుని ట్రాలీ ఆటోలో ఎక్కించి ఊరేగించాం. గోదారి గట్టు మీద తొమ్మిదిమంది, వంతెన కింద పన్నెండుమంది, ఇలా సాగింది. వెనక ఇద్దరు నక్కి తలుపు పట్టుకుంటారు, ముందు ఇంటి యజమాని నిలబడతాడు.

బస్టాండులో నాలుగో ప్లాట్‌ఫారం మీద తలుపు నిలబెట్టిన రెండు నిమిషాలకే దాని ముందు క్యూ తయారైంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మన ఊళ్ళో క్యూ కనబడితే ముందు నిలబడతారు, సంగతి తర్వాత కనుక్కుంటారు. ఒకావిడ "ఆడవాళ్ళదేనా?" అని కొంగు చాటున అడిగింది. కండక్టరొకాయన పాసుల కౌంటరు ఇటు ఎప్పుడు మార్చారని కోప్పడ్డాడు. సూటుకేసుతో దిగిన ఒక పెద్దమనిషి తలుపు నాణ్యత చూసి, "అద్దెకిస్తారాండీ? నీళ్ళు రెండు పూటలా వస్తాయా?" అన్నాడు. సన్యాసమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తలుపు పక్కన నిలబడి, చెయ్యి వెనక్కి పోనిచ్చి గడియని పట్టుకుని ఫోటో దిగింది.

ముప్పై నాలుగు ఫోటోలూ ఎక్కించాం. ఎనిమిదో కాలమ్ తెరుచుకుంది. పధ్నాలుగూ నిండాయి. ఆ రోజు నేను రెండు అరటిపళ్ళు ఎక్కువ తిన్నాను.

పదో రోజున ఉత్తరం వచ్చింది. 'సదరు ఫోటోలను పరిశీలించగా, దరఖాస్తుదారులందరికీ మేలైన టేకు తలుపు గల గృహములు ఉన్నట్లు తేటతెల్లమగుచున్నది. గృహము కలవారు నిరాశ్రయులు ఎట్లు అగుదురో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలసినది.'

దస్తూరి తాతారావుది. ఫోను చేసి తిట్టబోతే, "మీరైతే వెయ్యరాండీ ఈ కొర్రీ?" అన్నాడు. వేస్తాను. ఇంకా ముందే వేద్దును.

సంజాయిషీ ఇచ్చాం. ఇల్లు లేదన్న సంగతి కళ్ళారా చూసి గాని నమ్మనని జిల్లా డైరెక్టరుగారు స్వయంగా బయల్దేరారు. వెంట టేపుతో ఇంజనీరు, కెమెరాతో ఒకరు, గొడుగుతో ఒకరు. మళ్ళీ నాలుగో ప్లాట్‌ఫారం మీద తలుపు నిలబెట్టాం.

"తలుపు తెరవవలసినది," అన్నారు డైరెక్టరుగారు. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని వినికిడి.

తెరిచాం. ఆయన బూట్లు బయట విప్పి, తల వంచి, కుడి కాలు ముందు పెట్టి గడప దాటారు. ఇంజనీరు వెనకే వెళ్ళి నాలుగు వైపులా టేపు పట్టుకున్నాడు. అవతల రావులపాలెం బస్సు నిలబడి ఉంది. డైరెక్టరుగారు దాన్ని పైనుంచి కిందికి చూసి, వెనక్కి తిరిగి, మళ్ళీ తలుపులోంచే బయటికొచ్చి బూట్లు వేసుకున్నారు. అక్కడికక్కడే నివేదిక చెప్పి రాయించారు: 'ముఖద్వారము గుండా లోనికి ప్రవేశించి క్షుణ్ణముగా పరిశీలించగా, లోపల ఇల్లు లేదనియు, ఒక బస్సు మాత్రమే ఉన్నదనియు నిర్ధారణ అయినది.'

రాహేలమ్మగారు "దేవునికి స్తోత్రం" అన్నారు. తొందరపడ్డారు.

డైరెక్టరుగారు వెళ్ళిపోతూ ఆగి తలుపుని చూశారు. దూరం నుంచి చూశారు, దగ్గర నుంచి చూశారు, ఫోనులో ఫోటోలో చూశారు. ఆయన ముఖంలో వెలుగు రావడం నేను ప్రత్యక్షంగా చూశాను.

"లింగమూర్తిగారూ, ఇన్నాళ్ళూ మనము పునాది, గోడలు, కప్పు వేసి, కట్టకడపట తలుపు పెట్టుచున్నాము. అందువలన లక్ష్యసాధనలో తీవ్ర జాప్యము జరుగుచున్నది. ఇల్లు పూర్తయినదనుటకు రాష్ట్ర కార్యాలయము వారు కోరునది తలుపు ఫోటో మాత్రమే కదా. అట్టి తలుపును మొదటనే పెట్టినచో?"

"ఇల్లో సార్?" అన్నారు రాహేలమ్మగారు.

"అది తదుపరి దశ," అన్నారు డైరెక్టరుగారు.

ముఖద్వార దశ అలా పుట్టింది. నా సర్వీసులో ఒక మరుగుదొడ్డి మంజూరవడానికి నాలుగేళ్ళు పట్టింది. ముప్పై నాలుగు తలుపులు ఆరు రోజుల్లో మంజూరయ్యాయి. పైనుంచి అభినందన లేఖ కూడా వచ్చింది. మిగతా జిల్లాలవాళ్ళు చూసి నేర్చుకుపోవడానికి కార్లేసుకుని వచ్చారు. తలుపు ఉంటే ఇంటి మీద మనిషికి ఆశ పుడుతుందనీ, ఆశే అసలైన ఆశ్రయమనీ ఒక సదస్సులో ఎవరో పెద్దలు అన్నారట. ఆ పెద్దలకి శ్లాబు ఇల్లుందని విన్నాను.

జూన్ నెలాఖరు రానే వచ్చింది. ఐసు ఫ్యాక్టరీకి తాళం పడింది. ముప్పై నాలుగు మందీ మూటలు నెత్తిన పెట్టుకుని మార్కెట్ యార్డు వెనక స్థలానికి నడిచి వెళ్ళారు. అక్కడ తలుపులు అప్పటికే పాతి ఉన్నాయి, రెండు వరసల్లో, ఎదురెదురుగా, నడుమ వీధి కూడా వదిలి. ఒక్కో తలుపు వెనక ఒక్కో టార్పాలిన్ కట్టుకుని కింద చేరారు. మూడో నాడే వాన దంచి కొట్టింది. నేను గొడుగేసుకుని వెళ్ళేసరికి టార్పాలిన్లు నేలన పడి ఉన్నాయి. సన్యాసమ్మ రెండు మోకాళ్ళూ పొట్టలోకి ముడుచుకుని, తలుపుకి వీపు ఆనించి దగ్గుతోంది. మామూలు దగ్గు కాదు, లోపల్నుంచి పెళ్ళగించుకుని వచ్చే దగ్గు. రాహేలమ్మగారు పక్కన బురదలో కూర్చుని ఆవిడ ఛాతీకి ఏదో రాస్తున్నారు. నన్ను చూసి లేవలేదు.

"లింగమూర్తిగారండీ, కాలమ్‌లన్నీ నిండాయి కదా?"

"నిండాయండీ."

"వాటిల్లో ఈవిణ్ణి పడుకోబెట్టండి మరి."

గొడుగు తీసుకెళ్ళి సన్యాసమ్మ మీద పట్టాను. చాలా సిగ్గేసింది. కప్పు ఎగిరిపోయినవాళ్ళ క్యూ మీద విసిరిన ముక్క పంతొమ్మిదేళ్ళు తిరిగి తిరిగి ఈ ముసలిదాని నెత్తిన పడింది. ఆ రోజు ఆ పెళ్ళిలో నేను భోజనాలకి కూడా ఆలస్యంగానే వెళ్ళాను.

ప్రారంభోత్సవం వచ్చే గురువారం అన్నారు. మంత్రిగారు వస్తారు. షామియానా వేదిక మీదే వేశారు, జనానికి ఆకాశం వదిలారు. తలుపులకి మామిడి తోరణాలు, గడపలకి పసుపు. కార్యక్రమం కాయితం మీద నిమిషాల వారీగా ఉంది. ఒకటో నంబరు తలుపు సన్యాసమ్మది. ముందుగా లబ్ధిదారు లోపలికి వెళ్ళి దీపం పెట్టి తలుపు వెయ్యాలి. పది గంటల నలభై నిమిషాలకి మంత్రిగారు తలుపు తట్టాలి. ఆవిడ తెరిచి, నవ్వుతూ చేతులు జోడించి లోపలికి ఆహ్వానించాలి. అప్పుడు ఫోటో. మిగతా తలుపుల దగ్గరా ఇదే వరస, వాళ్ళూ లోపలే సిద్ధంగా ఉండాలి. ఆ ఫోటోలు రాష్ట్ర కార్యాలయానికి పంపే నివేదికలో పదకొండో కాలమ్‌లోకి వెళతాయి. దాంతో ముఖద్వార దశ సంపూర్ణం.

సన్యాసమ్మ దీపం పట్టుకుని గడప దాటింది. తలుపు వేసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

మంత్రిగారు తట్టారు. కెమెరాలు సర్దుకున్నాయి. తలుపు తెరుచుకోలేదు.

మళ్ళీ తట్టారు. డైరెక్టరుగారు మైకు అందుకున్నారు. "సన్యాసమ్మగారూ, ప్రభుత్వమువారు తమ గృహము వద్దకు విచ్చేసియున్నారు. తలుపు తెరవవలసినదిగా కోరడమైనది."

ఎదురు వరసలో ఎక్కడో ఇంకో గడియ పడింది. తర్వాత ఇంకోటి. చూస్తూండగానే ముప్పై నాలుగూ టకటకా పడిపోయాయి. మంత్రిగారు, డైరెక్టరుగారు, ఇంజనీర్లు, బ్యాండు మేళం, అందరూ వీధిలో నిలబడిపోయారు. మూసిన తలుపుకి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తే అంతా బయలే. మేకొకటి అటు నుంచి ఇటు వచ్చి తోరణం తిని వెళ్ళింది. అయినా ఒక్క ఆఫీసరు కూడా పక్కకి అడుగు వెయ్యలేదు.

"పక్క నుంచి వెళ్ళి పిలవచ్చుగా తాతారావూ?" అన్నాను.

తాతారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఎంత మాటండీ! పక్క నుంచి వెళితే అక్కడ గోడ లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టవుతుంది."

నేను రిటైరైనవాణ్ణి, ప్రభుత్వాన్ని కాను. పక్కనుంచి వెళ్ళి చూశాను. టార్పాలిన్ ఒక అంచు తలుపు పైకి కట్టుకుని, మూట తల కింద పెట్టుకుని, సన్యాసమ్మ పడుకుని ఉంది. పక్కన దీపం వెలుగుతోంది. అవతల మంత్రిగారు తలుపు తడుతున్నారు, బ్యాండు వాయిస్తున్నారు. ఆవిడ రెండు కళ్ళూ మూసుకుని నిద్రపోతోంది. పిలవడానికి నోరు తెరిచి, మూసేశాను. వచ్చి డైరెక్టరుగారికి, "లోపల గడియ వేసుందండీ," అని మాత్రం చెప్పాను. పచ్చి నిజం.

మంత్రిగారు నలభై నిమిషాలు చూసి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే తాతారావు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు. "గురువుగారూ, పదకొండో కాలమ్ ఖాళీ! ముప్పై నాలుగూ ఖాళీయేనండీ! పన్నెండోది తెరుచుకోవట్లేదు. రాష్ట్రం మొత్తం నివేదిక మన జిల్లా దగ్గర ఆగిపోయిందండీ. పక్కనుంచి వెళ్ళి నిద్రలో ఉండగానే ఒక ఫోటో తీసేస్తే?"

నేను కళ్ళజోడు పెట్టుకుని, తెల్ల కాయితం తీసి, మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఒక కొర్రీ రాశాను. 'ముఖద్వారము గుండా గాక పక్కనుండి లోనికి ప్రవేశించుట గృహప్రవేశము కానేరదు. గోడ ఉండగా అట్లు ప్రవేశించువానిని దొంగ యందురు. గోడ లేదందురా, లేని ఇంటికి ప్రారంభోత్సవము ఎట్లు జరిపితిరో తెలుపవలెను. కావున లబ్ధిదారు తనంతట తాను గడియ తీయువరకు పదకొండవ కాలమ్ నింపుటకు వీలు లేదు.' కింద పొట్టి సంతకం పెట్టాను.

తాతారావు చదివాడు. ఇంకోసారి చదివాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, కాయితం కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. దాన్ని ఎవరూ దాటలేరని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

ఖాళీ కాలమ్ ఉన్న ఆఫీసు ముల్లు గుచ్చుకున్న కాలు లాంటిది, నిలవలేదు. వారం తిరక్కుండా ఇంజనీరు వచ్చి ఒకటో నంబరు తలుపు ముందు నిలబడి, లోపలికి వినబడేలా అడిగాడు.

"ఏం చేస్తే తలుపు తీస్తారమ్మా?"

లోపల్నుంచి దగ్గు వినబడింది. తర్వాత మాట వినబడింది. "నాలుగేపులా గోడలు కట్టి, పైన కప్పెయ్యండి బాబూ. అప్పుడు తీస్తాను. గోడల్లేకుండా తలుపు తీస్తే సలిగాలి కొట్టెయ్యదూ?"

ఇంజనీరు ఆ మాట యథాతథంగా రాసుకుపోయాడు. డైరెక్టరుగారు దాని మీద 'సహేతుకము' అని రాశారట. తలుపు తెరిపించు నిమిత్తం అత్యవసరంగా గోడలూ కప్పూ మంజూరు చేశారు. ఫైలులో దాని పేరు ఇల్లు కాదు, 'ముఖద్వార రక్షణ పనులు.' నిన్న ఇటికల లారీ వచ్చింది. రాహేలమ్మగారు నాకు ఫోను చేసి, "టీకి రండి," అని పెట్టేశారు.

ఇవాళ పొద్దున వెళ్ళాను. పునాదులు తవ్వుతున్నారు. ఒకటో నంబరు వెనక ఒక మూల గోడ మోకాలెత్తు లేచింది. మిగతా మూడు వైపులా ఇంకా బయలే, పలుగూ పారా పట్టుకుని కూలీలు అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను ముందు వైపుకి వచ్చి, చెప్పులు విడిచి, తలుపు తట్టాను.

"ఎవులూ?"

"లింగమూర్తినమ్మా. ఒంట్లో ఎలా ఉందో చూసి పోదామని."

"కాయితాల బాబా? ఇప్పుడు తొంగున్నాను. రేపు రా."

ఆ మాట నేను ఎందరికి చెప్పానో లెక్క లేదు. తలుపు బయట నిలబడి వినడం మాత్రం ఇదే మొదటిసారి. కాసేపు అక్కడే నిలబడి, చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చాను. రేపు మళ్ళీ వెళ్ళాలి.